పాటలో పాపకు చోటు

వుడీ గత్రీ పేరు వినగానే అమెరికా జానపద సంగీతం తెలిసినవాళ్ళకు గుర్తుకొచ్చేవి దుమ్ము తుపానులు, వలస కూలీలు, యూనియన్ సభలు. 1912లో ఓక్లహోమా రాష్ట్రంలోని ఒకీమా అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. కరువు కాలంలో పొట్ట చేతపట్టుకుని కాలిఫోర్నియా బాట పట్టిన జనంతో కలిసి తిరిగాడు. వాళ్ళ బతుకుల మీద పాటలు కట్టాడు. 'దిస్ ల్యాండ్ ఈజ్ యువర్ ల్యాండ్' ఆయన 1940లో రాసిందే. తన గిటారు ఫాసిస్టులను చంపే యంత్రమని దాని మీదే రాసుకున్న మనిషి. కుర్రవాడిగా ఉన్న బాబ్ డిలన్ ఆసుపత్రికి వెతుక్కుంటూ వెళ్ళి మరీ చూసి వచ్చిన మనిషి. ఇంత పెద్ద పాటగాడు నాలుగేళ్ళు నిండని కూతురి పక్కన కూర్చుని కట్టిన పాటలున్నాయి. ఆయన పనితనం చూడాలంటే నేను ముందు వాటినే చూపిస్తాను. సభల్లో పాడే పాటకు జనం ఆవేశం కూడా తోడవుతుంది. మూడేళ్ళ పిల్ల ముందు పాటకు ఏ తోడూ ఉండదు. నచ్చకపోతే పిల్ల లేచి వెళ్ళిపోతుంది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక గత్రీ కుటుంబం న్యూయార్కు నగరంలో, బ్రూక్లిన్ కొసన సముద్రపు ఒడ్డునున్న కోనీ ఐలాండ్‌లో ఉండేది. వీధి పేరు మెర్మెయిడ్ ఎవెన్యూ. ఉన్నది ఇరుకు వాటా. భార్య మార్జొరీ మేజియా నర్తకి, మార్తా గ్రాహం బృందంలో నాట్యం చేసింది, నాట్యం నేర్పేది కూడా. ఆమె పనికి వెళ్తే ఇంట్లో పాపను చూసుకోవడం తండ్రి వంతు. పాప పేరు క్యాథీ యాన్. 1943 ఫిబ్రవరి 6న పుట్టింది. పాప ఏమంటుందో, ఎలా అంటుందో తండ్రి కాగితాల మీద రాసి పెట్టుకునేవాడు. ఆ మాటల్లోంచే పాటలు పుట్టాయి. 1940ల నడిమి సంవత్సరాల్లో మోజెస్ ఆష్ అనే రికార్డుల ప్రచురణకర్త కోసం వాటిని పాడాడు. తర్వాత ఆష్ స్థాపించిన ఫోక్‌వేస్ సంస్థ వాటిని 'సాంగ్స్ టు గ్రో ఆన్' పేరుతో తెచ్చింది. అందులో తల్లీబిడ్డల కోసమని వేసిన సంపుటి వెలువడింది 1956లో.

ముందు కారు పాట సంగతి చెబుతాను. ఎందుకంటే ఈ పాటలన్నిటి గుట్టూ దాంట్లోనే ఉంది. కథేమీ లేదు. కారెక్కుదాం, తిరిగొద్దాం, అంతే. ఒక్కో చరణానికి ఒక్కో పని. తలుపు తీయడం, ముందు సీటు, వెనక సీటు, ఇంజను స్టార్ట్ చేయడం, హారన్ కొట్టడం. పాటలో ఇవి వచ్చే వరస నిజంగా కారెక్కేటప్పటి వరసకు దగ్గరగానే ఉంటుంది. కాబట్టి పిల్ల చరణాలను బట్టీ పట్టక్కర్లేదు. తలుపు తీశాక ఏం చేస్తామో ఆ ఒంటికే తెలుసు. ఇక ఇంజను చప్పుడు. పెదవులు కలిపి గాలి వదిలి బుర్ర్‌మనిపిస్తాడు గత్రీ. రికార్డింగులో ఆ చప్పుడు ఏదో సరదాకి పక్కన చేర్చినట్టుండదు, పాట పాదం రావలసిన చోట నిండుగా వస్తుంది. లోకంలో ఏ భాష పిల్లయినా మాటలు రాకముందే చేసే చప్పుడది. దాన్ని తప్పుగా చేయడం ఎవరి తరమూ కాదు. ఏడాది నిండిన చంటిది కూడా ఆ పాదం పాడేస్తుంది. మాటలొచ్చిన అక్క మాటలు పాడుతుంది, మాటలు రాని తమ్ముడు ఇంజను పాడతాడు, పాట ఇద్దరిదీ అవుతుంది. ఇంత చిన్న పాటలో ఇంత ఆలోచన పట్టించిన చేతికి నేను దణ్ణం పెడతాను.

ప్రాస కోసం గత్రీ పెద్దగా పాకులాడడు. మాట దొరక్కపోతే వెనక పాదంలోని మాటనే మళ్ళీ అనేస్తాడు. పెద్దల కవిత్వంలో అది లోపం అనిపించుకుంటుంది. పిల్లల పాటలో అదే మెట్టు, పిల్ల దాని మీద కాలు మోపి పైకి వెళ్తుంది. పాదం పొడవు కూడా చూడండి. ఒక చిన్న ఊపిరికి సరిపడా ఉంటుంది. ఊపిరి అందక మధ్యలో తెగిపోయే పాదం ఈ పాటల్లో నాకు కనబడలేదు.

'పుట్ యువర్ ఫింగర్ ఇన్ ది ఎయిర్' ఇంకో మంచి నమూనా. వేలు గాల్లోకి ఎత్తమంటుంది, తర్వాత ఒంటి మీద ఒక్కోచోట పెట్టమంటుంది. మన ఇంగ్లీషు మీడియం బడుల్లో చప్పట్లు కొట్టిస్తూ పాడించే సంతోషం పాట ఉందే, దాని బాణీకి దగ్గరగా ఉంటుంది. ఈ పాటలో ఒక్క మాట మారిస్తే కొత్త చరణం. ముక్కు తీసేసి మోకాలు పెట్టొచ్చు. మోకాలు తీసేసి పక్కవాడి చెవి పెట్టొచ్చు. ఆ ఒక్క మాట ఎవరు పెడితే ఆ చరణం వాళ్ళది. రెండు మూడు సార్లు పాడాక పిల్ల దానంతటదే "ఇప్పుడు బొడ్డు మీద" అంటుంది. పాట కట్టడంలో మొదటి అడుగు అదే. అప్పటిదాకా పాడింది గత్రీ పాట. ఆ క్షణం నుంచి తన పాట. గత్రీ పాటలన్నిటిలో ఈ ఖాళీ ఏదో ఒక రూపంలో ఉంటుంది. 'వై ఓ వై' పాటలో అది ప్రశ్న రూపంలో ఉంది. పిల్ల 'ఎందుకు' అని అడుగుతూనే ఉంటుంది, జవాబు రాగానే ఇంకో 'ఎందుకు'. ఇంట్లో అది తల్లిదండ్రుల ప్రాణం తీసే అలవాటు. పాటలో దానికి తాళం కుదిరింది. విసుక్కోవలసిన చోట గత్రీ గిటారు తీశాడు.

'డోంట్ యూ పుష్ మీ డౌన్' అనే పాటను ఇంకా ఎక్కువ గౌరవంతో వింటాను. నాతో ఆడుకో, నా చెయ్యి పట్టుకో, కానీ నన్ను తోసేయకు అని పిల్ల చెబుతుంది. అంతే విషయం. ఈ పాటను మనలో ఎవరైనా రాస్తే తోయడం తప్పని నీతి చెప్పి ఉండేవాళ్ళం. గత్రీ నీతి చెప్పడు. పాట మొత్తం తోపుడు తిన్న పిల్ల నోటితోనే నడుస్తుంది. పెద్దల గొంతు ఎక్కడా లోపలికి రాదు. కింద పడిన పిల్ల ఏడవకుండా ఆ మాట పాడుతుంది, పాడేటప్పుడు కాస్త ధైర్యంగా నిలబడుతుంది. ఏడుపును వాదనగా, వాదనను పాటగా మార్చే పని సభల్లో పాడే గత్రీకి బాగా తెలుసు. యూనియన్ పాటలో చేసిన పనే ఇక్కడ మూడడుగుల ఎత్తున చేశాడు.

ఈ రికార్డులతో పాటు ఆయన తల్లిదండ్రులకు రాసిన మాటల్లో ఒక షరతు ఉంది. రికార్డు కొని ఇంటికి తీసుకెళ్ళి, పిల్లల్ని దాని ముందు కూర్చోబెట్టి, మీ పని మీరు చూసుకోవడానికి ఇది కాదు, ఇంటిల్లిపాదీ కలవండి అంటాడు. పిల్లలకు ఎలా ఆడాలో చూపించబోకండి, వాళ్ళు చేసేది చూసి మీరు చేయండి అన్నది దాని సారాంశం. డెబ్బై ఎనభై ఏళ్ళ కిందటి మాట ఇది. చేతిలో ఫోను పెట్టి రంగురంగుల బొమ్మల పాటలు ఆడించి అన్నం కుక్కుతున్న మన కాలానికి రాసినట్టే ఉంది.

క్యాథీ నాలుగో పుట్టినరోజు దాటిన కొద్ది రోజులకే, 1947 ఫిబ్రవరిలో, ఇంట్లో విద్యుత్ తీగల వల్ల అంటుకున్న మంటల్లో కాలి చనిపోయింది. ఆ జులైలో కొడుకు ఆర్లో పుట్టాడు, తర్వాత ఇంకో ఇద్దరు పుట్టారు. పిల్లల పాటల పని ఆగలేదు. మార్జొరీతో కలిసి గత్రీ తన బొమ్మలతో, చేతిరాతతో పిల్లల పాటల పుస్తకం ఒకటి సిద్ధం చేశాడు. అప్పట్లో అచ్చుకాని ఆ రాతప్రతి 1992లో 'వుడీస్ 20 గ్రో బిగ్ సాంగ్స్' పేరుతో వెలువడింది. ఆర్లో, ఆయన తోబుట్టువులు, పిల్లలు కలిసి ఆ పాటలు పాడారు. ఆ రికార్డులో వుడీ గొంతు కూడా కలిపారు. తండ్రి హంటింగ్టన్ వ్యాధితో 1967లోనే పోయాడు.

ఇది అమెరికా సంగతి, మన ఇళ్ళల్లో ఇలాంటిదేముంది అని అడిగేవాళ్ళకు నేను బతుకమ్మ దగ్గరికి రమ్మంటాను. ఉయ్యాలో అనే పలుకు ఎందుకుందో ఎప్పుడైనా ఆలోచించారా? ముందు పాడే ఆమె ఒక పాదం అందుకుంటుంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఉయ్యాలో అని కలుపుతారు, పాదాన్ని తిరిగి పాడతారు. ఆ కాసేపట్లో ముందు పాడే ఆమెకు తర్వాతి పాదం ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. గొబ్బి పాటల్లో గొబ్బియళ్ళో చేసే పనీ అదే. పుస్తకం చూడకుండా గంటలకొద్దీ పాడగలగడం వెనక, అత్తగారి ఊరినీ ఆడబిడ్డనీ అప్పటికప్పుడు పాటలోకి లాగేయడం వెనక ఈ ఏర్పాటు ఉంది. గత్రీ ఇంజను చప్పుడుకు ఏ బలముందో మన ఉయ్యాలోకూ ఆ బలముంది. వలయంలో తిరిగే చిన్నపిల్ల ముందు ఆ పలుకు ఒక్కటే అంటుంది. కొన్నేళ్ళకు పాదం అందుకుంటుంది. పాట నేర్పే బడి లేకుండానే పాటగత్తె తయారవుతుంది.

ఇంట్లో పిల్లల చేత పాట కట్టించాలనుకునేవాళ్ళు ముందు పట్టుకోవలసింది ఈ పలుకునే. మా మనవరాలి పాట ఒకటి చూపిస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. దానికి ఐదేళ్ళు. వంటింటి గుమ్మంలో కూర్చుని "కుక్కరు కూసింది" అంది. ఊరికే అన్నదే. నేను తొడ మీద తాళం వేశాను. మళ్ళీ అంది, ఈసారి తాళానికి అంది. చివర "సుయ్ సుయ్" అని తనే కలిపింది. ఇక పాట ఆగలేదు.

కుక్కరు కూసింది, సుయ్ సుయ్
అమ్మా లేచింది, సుయ్ సుయ్
పప్పూ ఉడికింది, సుయ్ సుయ్
పాలూ రాలేదు, సుయ్ సుయ్
తాతా తుమ్మాడు, సుయ్ సుయ్

బళ్ళో నేర్చుకున్న లఘువులు, గురువులు గుర్తుంటే లెక్క వేసి చూడండి. 'కుక్కరు' నాలుగు మాత్రలు. 'కూసిం' నాలుగు. చివరి 'ది' పాడేటప్పుడు సాగి నాలుగవుతుంది. 'సుయ్ సుయ్' నాలుగు. నాలుగు నాలుగుల పాదం, శుద్ధమైన చతురస్రం. రెండో పాదం విన్న వాళ్ళమ్మ, "అమ్మ లేచింది అనాలి కదే" అంది. పిల్ల ఒప్పుకోలేదు. 'అమ్మ' అంటే మూడు మాత్రలే, తాళం ఒక మాత్ర కుంటుతుంది. 'అమ్మా' అంటే సరిపోతుంది. మాత్ర అన్న మాటే తెలియని ఐదేళ్ళ చెవి ఆ లెక్క తేల్చేసింది. 'పప్పూ', 'పాలూ', 'తాతా' అన్నీ అలా సాగినవే. పాల పాదం మొదట "పాలవాడు ఇంకా రాలేదు" అని వచ్చింది. సుయ్ సుయ్ దగ్గరికి చేరేసరికి ఆలస్యమైపోయింది. "ఎక్కువైంది అమ్మమ్మా" అని తనే చెప్పింది, పాలవాణ్ణి తీసేసింది, 'ఇంకా' తీసేసింది, పాలను మిగిల్చింది. ఆ దిద్దుబాటులో నా పాత్ర ఏమీ లేదు. తాళం మాత్రం తప్పకుండా వేస్తూ కూర్చున్నాను.

పెద్దలు చేయవలసిన సాయం చాలావరకు అదే. తాళం పట్టడం, ఆగినప్పుడు "తర్వాతేమైంది?" అని అడగడం. మాట అందించాలన్న ఆత్రం మనకుంటుంది, దాన్ని ఆపుకోవాలి. మనం మంచి మాట అందిస్తే పాట బాగుపడవచ్చు, కానీ పిల్ల మన మొహం వైపు చూడటం మొదలుపెడుతుంది. ఒకసారి అలా చూడటం అలవాటైతే ఇక ప్రతి పాదానికీ చూస్తుంది.

తెలుగు పిల్లలకు భాషే చేసిపెట్టిన మేలు ఒకటుంది. మన వాక్యం సాధారణంగా క్రియతో ముగుస్తుంది. కూసింది, లేచింది, ఉడికింది అని మాట్లాడుతుంటేనే అంత్యప్రాస పడిపోతుంది. గత్రీ ఇంగ్లీషులో మాటను తిరగవేసి సాధించినదాన్ని మన పిల్లలు నోరు తెరిస్తే చాలు సాధించేస్తారు. కాబట్టి ప్రాస నేర్పించే శ్రమ అక్కర్లేదు. ఆ ప్రాస ఎక్కడ తెగిందో చూడటంలోనే ఆనందముంది. మూడు పాదాలు 'ంది' మీద నడిచాక 'రాలేదు', 'తుమ్మాడు' వచ్చాయి. వింటున్నవాళ్ళు నవ్వింది అక్కడే. తర్వాత పాడినప్పుడల్లా తాతగారు ఆ పాదానికి వేళకు తుమ్మాలి. ఆలస్యమైతే పాట మొదటికొస్తుంది.

బాణీ విషయంలో ఒక మాట. నాలుగైదేళ్ళ పిల్లల గొంతు హాయిగా తిరిగేది ఐదారు స్వరాల మధ్య. సినిమా పాట కింది స్థాయిలో మొదలై పై స్థాయికి ఎగబాకుతుంది, అది తర్ఫీదైన గొంతుకు కట్టిన బాణీ. పిల్ల దాన్ని పాడబోతే పైన అరుపు, కింద గాలి. మనం జోలపాటకు వాడే ఆ కొద్దిపాటి స్వరాలు చాలు. శ్రుతి కూడా పిల్లనే ఎత్తుకోనివ్వాలి. మగవాళ్ళు తమ శ్రుతిలో మొదలుపెడితే పిల్లలకు అందదు, అందక వాళ్ళు మాటలు చదివేస్తారు, అప్పుడు మనం "దీనికి స్వరజ్ఞానం లేదు" అని తీర్పు చెప్పేస్తాం. ఎంతమంది పిల్లలు ఆ తీర్పుతో జీవితమంతా పాడటం మానేశారో తలుచుకుంటే బాధగా ఉంటుంది. టీవీ పోటీల్లో ఎనిమిదేళ్ళవాడి చేత విరహగీతం పాడించి, గమకం తప్పిందని మార్కులు కోసేవాళ్ళను చూస్తే ఆ బాధ కోపమవుతుంది. ఆ పిల్లవాడి సొంత పాట ఎలా ఉంటుందో వినాలని అక్కడ ఎవరూ అడగరు.

ప్రదర్శనకు మనకు మంచి ఒరవడి ఉంది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్యగా, అక్కయ్యగా మద్రాసు రేడియోలో, ఆ తర్వాత హైదరాబాదులో పిల్లల్నే మైకు ముందుకు తెచ్చారు. పిల్లల కోసం పెద్దలు పాడటం వేరు, పిల్లలే పాడటం వేరని వాళ్ళు నమ్మారు. 1945లో 'బాల' పత్రిక పెట్టిందీ ఆ దంపతులే. ఇంట్లో అంత ఏర్పాటు అక్కర్లేదు. డబ్బాలో గుప్పెడు బియ్యం పోస్తే గలగలలాడే వాద్యం, స్టీలు పళ్ళెం మీద చెంచా ఇంకో వాద్యం. వినేవాళ్ళు మాత్రం కూర్చుని వినాలి. ఫోను పైకెత్తి తీయడం మొదలుపెడితే పిల్ల మనకోసం పాడటం మానేసి దానికోసం పాడుతుంది. పాట గుర్తుండాలంటే నోటు పుస్తకంలో రాసిపెట్టండి, 'అమ్మా లేచింది' అని అన్నది అన్నట్టే రాయండి, కింద తేదీ వేయండి. గత్రీ క్యాథీ మాటల్ని కాగితం మీదే దాచాడు.

మోజెస్ ఆష్ 1986లో చనిపోయాక ఫోక్‌వేస్ రికార్డులు స్మిత్సోనియన్ సంస్థకు చేరాయి. వాటిలో దేన్నీ దొరకకుండా చేయకూడదన్నది ఒప్పందం. అందువల్ల గత్రీ పిల్లల పాటలు ఈనాటికీ వినడానికి దొరుకుతున్నాయి. కారు పాట ఒక్కసారి పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని వినండి. ఇంజను చప్పుడు అందరూ కలిసి చేయండి. తర్వాత రికార్డు కట్టేసి, మన ఇంట్లో ఏది చప్పుడు చేస్తుందో చెప్పమని పిల్లనే అడగండి.